మొదటి లైను ఎవరూ చదవలేదు

నవంబరు 8, శనివారం

ఎండ బాగా కాసింది. ఎత్తిపోతల లిఫ్టు మోటార్లు రెండూ తిరిగాయి. కృష్ణలో నీళ్ళకు కొదవ లేదు. దిగువ తూము పొద్దున్నుంచీ ఎత్తే ఉంది.

సాయంత్రం బావ ఫోను. "ఏరా బామ్మర్దీ, దిగువ గంటలు మీ మిషను ఎంత చూపిస్తంది?"

చెప్పాను.

"మాది పోయిన నెల అంకె మీదే ఉంది. కదల్లా."

పెట్టేశాడు. ఏమిటో అర్థం కాలేదు. రెండు చోట్లా ఉన్నది నేను రాసిన స్క్రిప్టే, గంటలు లెక్క కట్టే చిన్న ప్రోగ్రాం. పెన్‌డ్రైవులో నేనే ఇచ్చాను.

నవంబరు 9, ఆదివారం

కాలవ నీళ్ళు ఎగువ ఊరికీ దిగువ ఊరికీ గంటల లెక్కన వంతులు, ఒక ఊరి లెక్క ఇంకో ఊరు నమ్మదు. అందుకే నీళ్ళ కమిటీ ఎగువన ఒక కంప్యూటరు, దిగువన ఒక కంప్యూటరు పెట్టింది. పాత ఆఫీసులో తీసేసిన సరుకు. ఎగువ లెక్కకు నేను. దిగువ లెక్కకు అక్క మొగుడు. ఆ రోజు అందరూ నవ్వారు... "బావా బామ్మర్దులేగా, ఇంక తగువేం ఉంటది" అని.

తూము దగ్గర నీళ్ళు కొలిచే పెట్టె మాది, కాలవ చివర పెట్టె వాళ్ళది. కాలవ నిండుగా పారిన ప్రతి గంటకూ పెట్టె కంప్యూటరుకు ఒక వరస పంపుతుంది. సాయంత్రం స్క్రిప్టు వెనకటి నిల్వ తీసుకుని, ఆ రోజు వరసలు కలిపి, కొత్త నిల్వ చూపిస్తుంది. చిట్టా రాసే పద్ధతే. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

నా లెక్కన ఈ వారంతో దిగువ వంతు అయిపోతుంది. తూము మా వైపు తిప్పాలి. బావ లెక్కన వాళ్ళకు ఇంకా సగం గంటలు మిగిలాయి. రెండు వైపులా మిరప పూత మీద ఉంది.

కమిటీ పెద్ద వెంకటప్పయ్య బాబాయి ఇంటికే వచ్చాడు. "మీ బావ ఏమంటన్నాడో ఇన్నావా? మనోళ్ళు తూము సగమే ఎత్తారంట. నిండుగా పారక వాళ్ళ పెట్టెలో గంటలు ఎక్కలేదంట."

"పూర్తిగానే ఎత్తాం బాబాయ్. నేను చూశా."

"నువ్వు చూశావురా. మనోళ్ళేమో ఆయనే అంకె ఆపి పెట్టుకున్నాడంటన్నారు."

నవంబరు 11, మంగళవారం

కమిటీ గదిలో పంచాయితీ. రెండు చోట్లా స్క్రిప్టు కాగితం మీద అచ్చు తీయించాడు బాబాయి. నేను పైకి చదవాలి, బావ తన కాగితం మీద వేలు పెట్టి చూసుకోవాలి.

పైన తల లైను వదిలేశాను. అసలు లెక్క మొదలైన చోటు నుంచి చదివాను. చిట్టా చదివేటప్పుడు పైనున్న 'శ్రీ' ఎవరు చదువుతారు...

అన్నీ కలిశాయి. చుక్క తేడా లేదు.

రోజువారీ వరసలు చూద్దామంటే అవి లేవు. డిస్కు చిన్నదని, కూడడం అవగానే చెరిగిపోయేట్టు రాశాను.

"రాత ఒకటే, అంకెలు వేరు" అన్నాడు బాబాయి. "అంటే ఎవరో చెయ్యి పెట్టినట్టే గదా."

బావ నా వంక చూశాడు. నేను బావ వంక చూశాను.

నవంబరు 13, గురువారం

అక్క ఫోను. "నువ్వేం మార్చలేదు కదరా?"

"లేదక్కా."

"ఆయనా మార్చలేదంటన్నాడు."

అటు కుక్కరు కూత వినపడింది. "పొయ్యి మీద పెట్టి వచ్చా" అని పెట్టేసింది.

నవంబరు 14

ప్రమాణం అంటున్నారు. రెండు ఊళ్ళ వాళ్ళూ ఒప్పుకున్నారట. మమ్మల్ని అడిగినవాడు లేడు.

నవంబరు 16, ఆదివారం

ఆంజనేయస్వామి గుడి. తడిబట్టలు. చలి.

పళ్ళెంలో కర్పూరం వెలిగించారు. బావ ముందు. "లెక్కలో నేను చెయ్యి పెట్టలా" అన్నాడు, అరచేత్తో ఆర్పాడు. మళ్ళీ వెలిగించారు. నేను. అదే మాట. చెయ్యి కాలిందో లేదో గుర్తు లేదు. బావ తల మీంచి నీళ్ళు కారి ఆయన ముందు చిన్న మడుగైంది. అదే చూస్తూ నిలబడ్డాను.

ఒకరు ఆర్పి, ఇంకొకరు వెనక్కి తగ్గితే తగువు తెగుతుంది. ఇద్దరం ఆర్పాం. ఇక పద్ధతి ప్రకారం ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు. నెల తిరిగేలోపు కీడు ఎవరింటికి వస్తుందో చూస్తారు. అంతవరకూ తూము ఒకరోజు వాళ్ళకు, ఒకరోజు మాకు. రెండు వైపులా చాలదు.

అక్క మెట్ల మీద నిలబడి ఉంది. నా వైపు చూడలేదు.

నవంబరు 17

లెక్క వేశాను. ఫోను మోగలేదు.

నవంబరు 19, బుధవారం

"పోయి మాట్లాడొచ్చుగా" అంటుంది మా ఆవిడ పద్మ.

ఏమని మాట్లాడను. నేను మార్చలేదని ప్రమాణం చేశాను. ఆయనా చేశాడు. ఎదురుపడితే ఇద్దరిలో ఎవరు నోరు తెరిచినా, రెండోవాడు అబద్ధాలకోరని చెప్పినట్టే అవుతుంది.

"నీకు మాటలు రాకే లెక్కలు నేర్చుకున్నావు" అంది. కోపంగా అనలేదు.

నవంబరు 20, గురువారం

బావ కాలవ లాకు మెట్ల మీద జారిపడ్డాడు. పాచి. మణికట్టు విరిగింది. నర్సరావుపేట ఆసుపత్రికి తీసుకుపోయారు.

కుడి చెయ్యి.

నవంబరు 21, శుక్రవారం

టీకొట్టు దగ్గర...

"కర్పూరం ఆర్పిన చెయ్యే."

"అదే చెయ్యా?"

"అదే మరి. స్వామి నెల కూడా ఆగలా."

ఎవరో నవ్వారు. నన్ను చూసి ఒకాయన లేచి బల్ల మీద చోటిచ్చాడు. "రా అబ్బాయ్, కూర్చో. నీ ప్రమాణం నిలబడింది."

గ్లాసు అక్కడే పెట్టి వచ్చేశాను.

వాళ్ళ లెక్క తప్పని చెప్పలేను. నాది నిజమని నాకు తెలుసు. నాది నిజమైతే ఆయనది అబద్ధం. కూడిక సరిగ్గానే ఉంది. ఒక పూటంతా నేనూ అలాగే కూడాను. ఇది ఈ పేజీకి మాత్రమే.

నవంబరు 22, శనివారం

నర్సరావుపేట వెళ్ళాను. బావ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రో కాదో. చేతికి కట్టు.

అక్క "కాఫీ తాగుతావా" అని అడిగింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. గ్లాసు తెచ్చి చేతిలో పెట్టేది, అంతే.

వద్దన్నాను. అది ఇంకా తప్పు.

ఇన్వర్టరు బ్యాటరీ సంగతి చూద్దామని బస్టాండు వెనక మస్తాన్ కొట్టుకు పోయాను. మన రెండు కంప్యూటర్లూ అతనే చూస్తాడు. ఏదో మదర్‌బోర్డుకు టంకం వేస్తూ, తల ఎత్తకుండానే...

"మీ బావగారి మిషను బానే నడుస్తందా అన్నా? అక్టోబర్లో పిడుగు పడి పోయిందిగా, కొత్త సిస్టం ఎక్కిచ్చిచ్చా. మీ ప్రోగ్రాం మొదట్లో లేవనంది. అది కార్న్‌షెల్ అడుగుతంది, కొత్తదాన్లో అది లేదు. పైన లైను బాష్ అని మార్చా, లేచింది. మిగతాది ముట్టలా."

స్క్రిప్టు చదివి పని చేసిపెట్టేది షెల్, కార్న్‌షెల్, బాష్ అందులో రెండు రకాలు, ఏది చదవాలో చెప్పేది ఆ పైన లైనే. స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"ఏందన్నా, అట్టా అయిపోయావు? తప్పు చేశానా?"

"లేదు. ఇంకా తెలియదు."

బావకు ఆ సంగతి చెప్పాడా అని అడిగాను. "పైన లైనేగా, దానికేం చెప్తాం" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను, పదకొండో తారీకున, కమిటీ గదిలో.

నవంబరు 23, ఆదివారం

మొబైలు డేటాతో నా కంప్యూటర్లో బాష్ ఎక్కించాను. చిన్న పరీక్ష. ఫైలులో ఐదు వరసలు. నిల్వ పది. ఫైలు చదివే కమాండు, తర్వాత చదివినదాన్ని పక్కకు అందించే పైపు గుర్తు, తర్వాత ఒక్కో వరసనూ కలిపే లూపు. నా స్క్రిప్టు అచ్చం ఇలాగే ఉంటుంది.

పైన కార్న్‌షెల్ పెడితే పదిహేను.

పైన బాష్ పెడితే పది.

రెండింట్లోనూ తప్పు జరిగినట్టు ఒక్క మాట లేదు. మళ్ళీ చేశాను. అదే.

లూపు లోపల కూడా అంకె అచ్చయ్యేట్టు పెట్టి చూశాను. బాష్‌లో, లోపల పదకొండు, పన్నెండు, పదమూడు... పదిహేను వరకూ సరిగ్గా పోయింది. లూపు దాటి బయటికి రాగానే మళ్ళీ పది.

చాలాసేపు తెర చూస్తూ కూర్చున్నాను. పద్మ చింతపండు గింజలు తీస్తూ, "ఏంది, దయ్యాన్ని చూసినట్టు చూస్తన్నావు" అంది.

లోపల పదిహేను ఉంది. కళ్ళారా చూశాను. అది ఎక్కడికి పోయింది?

నవంబరు 24, సోమవారం

కంప్యూటర్లతోపాటు వచ్చిన లావు పుస్తకంలో దొరికింది. నేను నేర్చుకున్నదంతా అందులోదే. ఈ పేజీ ఎప్పుడూ దాటేశాను.

షెల్ పైపు చూస్తే, పని ముక్కలు చేసి, ఆ ముక్కలు చేయడానికి పిల్ల ప్రాసెస్‌లను, అంటే తనలాంటి నకళ్ళను, పుట్టిస్తుంది. పుట్టేటప్పుడు తల్లి షెల్ దగ్గరున్న ప్రతి విలువకూ నకలు వస్తుంది పిల్లకు. నిల్వ పది అంటే దాని దగ్గరా పది. ఆ తర్వాత అది తన నకలునే మార్చుకుంటుంది. పని అవగానే పోతుంది, నకలూ దానితోపాటే పోతుంది. తల్లి దగ్గరి పది పదిలాగే ఉంటుంది.

పోతూ ఒక్క అంకె మాత్రం చెప్పి పోతుంది, పని బాగా జరిగిందా లేదా అని. సున్నా అంటే అంతా బాగున్నట్టు. దిగువ మిషను రోజూ సున్నానే చెప్పి ఉంటుంది.

షెల్‌లన్నీ ఇంతవరకూ ఒకటే. పైపులో చివరి ముక్క దగ్గరే తేడా. బాష్ దాన్ని కూడా పిల్లకే ఇస్తుంది. కార్న్‌షెల్ చివరి ముక్కను తనే చేసుకుంటుంది. అందుకే నా అంకె నా దగ్గర మిగిలింది. నేను గొప్పగా రాసి కాదు. నేను నేర్చుకున్న మిషనులో ఆ షెల్ ఉండబట్టి.

పద్మకు చెప్పాను. "అత్తింట్లో పుట్టెడు చాకిరీ చేసినా పుట్టింటి లెక్కలోకి రాదు, అంతేగా" అంది.

అంతే.

నవంబరు 25, మంగళవారం

గట్టు మీద నడుస్తుంటే పక్క చేలో పత్తి తీస్తున్నారు. మేస్త్రి మూడు జట్లుగా చేశాడు కూలీలను. రెండు జట్లను పంపి, మూడో జట్టుతో తను కూడా సాలులోకి దిగాడు. ఆ జట్టు ఎంత తీసిందో ఎవరినీ అడగనక్కర్లేదు ఆయన.

నిరుటి మేస్త్రి దిగేవాడు కాదు. గట్టు మీదే కూర్చునేవాడు. కూలీలు లెక్క చెప్పకుండా బండెక్కితే ఆ రోజు ఎంత తీశారో ఆయనకు తెలిసేది కాదు. అలాగని ఆయన్ని దొంగ అనలేం. కూలీలనూ అనలేం.

ఆగి చాలాసేపు చూశాను. "ఏం కావాలన్నా?" అని అరిచాడు మేస్త్రి. చెయ్యి ఊపి వచ్చేశాను.

నవంబరు 26, బుధవారం

ఇంకా వెతికాను. జెడ్‌షెల్ కార్న్‌షెల్ దారిలోదే. డాష్ బాష్ దారిలోదే. పైపు తీసేసి, ఫైలును నేరుగా లూపుకే అందిస్తే బాష్‌లో సరిగ్గా వస్తుంది. కానీ బాగా పాత షెల్‌లు అలా రాసినా లూపును పిల్లకే ఇచ్చేవట. రేపు ఇంకెవరో ఇంకేదో ఎక్కిస్తారు. ఏ షెల్‌లోనైనా ఒకే అంకె రావాలి.

చివరికి ఇలా కుదిరింది. పిల్ల కూడుకోనీ. కానీ పోయేముందు మొత్తం ఎంతో పైకి చెప్పాలి. తల్లి ఆ మాట పట్టుకుని తన నిల్వలో వేసుకోవాలి. ఇది అన్నిటిలోనూ ఒకేలా పని చేస్తుంది. చూశాను.

లోపల తెలిసింది తనంతట తాను బయటికి రాదు. చెప్పాల్సిందే.

నవంబరు 27, గురువారం

వెంకటప్పయ్య బాబాయి దగ్గరికి పోయాను. అంతా చెప్పాను. సగంలోనే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అయిపోయిన దాన్ని కెలకమాకు. దేవుడి ముందు పెట్టినాక మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు. తెలీదా నీకు?"

"ఇద్దరిదీ నిజమే బాబాయ్."

"ఇద్దరిదీ నిజమంటే ఊరు ఒప్పుకోదురా. ఎవరో ఒకరిది అబద్ధం కావాల. ఇప్పుడు అయింది. చెయ్యి కూడా ఇరిగె."

"పాచి మీద జారాడు."

"నాకు తెలుసు. నేనూ అక్కడ రెండుసార్లు పడ్డా." కాసేపు మీసం తడుముకున్నాడు. "గెలిచినోడు లేచి నేను గెలవలేదంటే మనోళ్ళు నిన్నే అనుమానిస్తారు. అక్కకోసం అబద్ధమాడతన్నాడంటారు. ఆలోచించుకో."

వచ్చేస్తుంటే వెనక నుంచి... "ఆదివారం మీటింగుంది. రెండు ఊళ్ళోళ్ళూ వస్తారు. చెప్పేదుంటే నువ్వే నిలబడి చెప్పు. ఆ పైపు సంగతి నా వల్ల కాదు."

ఇన్నేళ్ళలో ఆ గదిలో నేను నిలబడి మాట్లాడింది లేదు. కాగితం అందించి కూర్చోవడమే.

నవంబరు 28, శుక్రవారం

అక్క ఇంటికి. బావ మంచం మీద, చెయ్యి మెడకు వేలాడదీసి. "రా" అనలేదు. "పో" అనలేదు.

అక్కకు చెప్పడం మొదలుపెట్టాను, ఆయన వినేట్టు. పిడుగు, కొత్త సిస్టం, పైన లైను. మేస్త్రి సంగతి చెప్పేసరికి అక్కకు అర్థమైంది. "అయితే రోజూ లెక్క కూడింది, కూడి పారబోసింది" అంది.

అవును.

బావ అప్పుడు మాట్లాడాడు. "నా మిషను అబద్ధం చెప్పిందా?"

"లేదు బావా. దానికి తెలిసిందే చెప్పింది."

"మరి నేను?"

"నువ్వూ అంతే."

ఫ్యాను చప్పుడు. దూడ అరుపు. బావ కట్టు వంకే చూసుకుంటున్నాడు.

"నేను మార్చలేదని నాకు తెలుసురా. నాకు చెప్పడానికి ఇంతదూరం రావాలా? నిన్న మా మేనమామ పరామర్శకొచ్చి, ఎంత తిన్నావురా అని అడిగాడు. తప్పొప్పుకుంటే చెయ్యి తొందరగా అతుక్కుంటదంట." నవ్వబోయాడు. రాలేదు. "చెప్తే ఊరికి చెప్పు."

వాళ్ళ మిషనులో స్క్రిప్టు మార్చి వచ్చాను. అది నడిపే మీట తనే నొక్కుతానన్నాడు బావ, ఎడమ చేత్తో. బయల్దేరేటప్పుడు అక్క గ్లాసు తెచ్చి చేతిలో పెట్టింది. అడగలేదు.

నవంబరు 29, శనివారం

ఈ రోజు దిగువకు పెరిగిన గంటలు రెండు చోట్లా ఒకటే. బావ ఫోను చేసి అంకె చెప్పాడు.

పోయిన వరసలు పోయినట్టే. అవి ఇప్పుడు ఏ షెల్‌తోనూ తిరిగి రావు. రేపు ఎవరైనా రుజువు చూపించమంటే నా దగ్గర ఉన్నవి ఐదు వరసల పరీక్ష, మస్తాన్ మాట, ఒక మేస్త్రి.

వీధిలో ఇద్దరు పలకరింపు తగ్గించారు. బాబాయి ఎవరితోనో అన్నట్టుంది.

పద్మను ముందు కూర్చోబెట్టి చెప్పి చూశాను. "పైపు అనమాక. అక్కడ లిఫ్టు పైపు పగిలిందనుకుంటారు" అంది. "పిల్ల ప్రాసెస్సూ వద్దు. మేస్త్రి చాలు. తల ఎత్తి చెప్పు. నేల మీద ఏం లేదు."

నవంబరు 30, ఆదివారం

పొద్దున్నే లేచాను. రెండు కాగితాలూ మడిచి జేబులో పెట్టుకున్నాను, మాదొకటి, దిగువదొకటి, పదకొండో తారీకున చదివినవి. విప్పి చూస్తే నిజంగానే పైన లైన్లు వేరు, మాదాంట్లో కార్న్‌షెల్, దిగువదాంట్లో బాష్. అప్పుడు గది నిండా జనం. ఒక్కరి వేలూ అక్కడ పడలేదు.

ముందు ఏం చెప్పాలి... బావ నిజం చెప్పాడు అని మొదలుపెడితే, అక్కకోసమంటారు. నేనూ నిజం చెప్పాను అంటే, నవ్వుతారు. కాగితం అందించి కూర్చోవడం ఈసారి కుదరదు.

చొక్కా తొడుక్కున్నాను. రెండుసార్లు నీళ్ళు తాగాను.

బావ బండి చప్పుడు. అక్క నడుపుతోంది. ఆయన వెనక కూర్చున్నాడు, కట్టు కనపడకుండా కండువా కప్పుకుని. కమిటీ గది వైపే పోయారు. ఇంటి ముందు ఆగలేదు. ఆగాల్సిన పని లేదు.

మొదటి లైను నుంచి చదువుతాను.